తొట్టి కడగడం ఆపండి, నీళ్లు వాటంతటవే తేరతాయి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పుట్టినరోజుకి చేపల తొట్టి కావాలని మా బాబు పేచీ పెడితే రెండడుగులది కొన్నాం. ఆ రోజే కుళాయి నీళ్లు నింపి నాలుగు గోల్డ్ ఫిష్‌లు, రెండు ఏంజెల్స్, ఆరు గప్పీలు వేశాం. మూడో రోజుకి నీళ్లు తెల్లగా మసకబారిపోయాయి. మొత్తం పారబోసి, గులకరాళ్లూ ఫిల్టర్ స్పాంజీ సబ్బు పొడితో కడిగి, ఈసారి బోరు నీళ్లు నింపాను. రెండ్రోజులకి మళ్లీ అదే తంతు. ఇలా ఇప్పటికి మూడుసార్లు కడిగాను. రెండు గప్పీలు, ఒక ఏంజెల్ చనిపోయాయి. దుకాణంలో అడిగితే నీలం మందు సీసా ఇచ్చి, సక్కర్ ఫిష్ ఒకటి వేస్తే అదే శుభ్రం చేసేస్తుందన్నారు. మా అత్తగారేమో "చెరువు నీళ్లకి మేమంతా పటికే తిప్పేవోళ్లం, చేపల నీళ్లకి పనికిరాదేటి?" అంటున్నారు. తొట్టి కిటికీ పక్కన పెట్టాం, రాత్రిపూట మోటారు ఆపేస్తున్నాం. దుకాణంలో తొట్లు అంత తేటగా ఉంటాయి కదా, మా ఇంట్లో ఎందుకుండవు? ఏం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, ముందు ఆ సబ్బు పొడి పక్కన పెట్టేయండి. ఇక తొట్టి దగ్గరికి రానివ్వకండి. మిగతాదంతా సర్దుకునేదే.

మీ ఉత్తరంలో మూడో రోజు అన్న మాట చూడగానే విషయం అర్థమైంది. గులకరాళ్ల దుమ్ము వల్ల వచ్చే మసక నీళ్లు పోసిన గంటలోనే కనబడుతుంది, ఒకటి రెండు రోజుల్లో అడుగుకి దిగిపోతుంది. మీకు అలా కాలేదు. మొదట తేటగా ఉండి, రెండు మూడు రోజులకి పాలు కలిపినట్టు తెల్లబడింది. అది మురికి కాదు, కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు. తినగా మిగిలిన మేత, చేపల మలం కుళ్లుతుంటే వాటిని తిని బతికే బాక్టీరియా కొత్త నీళ్లలో ఒక్కసారిగా విజృంభిస్తుంది. అరగంటకో గంటకో రెట్టింపయ్యే జాతులవి. తిండి తరిగితే వాటి సంఖ్యా తగ్గిపోతుంది, నీళ్లు తేరతాయి. కొత్త తొట్టిలో మామూలుగా వారం పది రోజుల్లో జరిగిపోయే పని ఇది. మీరు కడిగిన ప్రతిసారీ ఆ వారం మళ్లీ మొదటి నుంచి మొదలైంది, అంతే.

అయితే మీ చేపలు చనిపోయింది ఆ తెల్లదనం వల్ల కాదు. అసలు ప్రమాదం కంటికి కనబడదు. చేప మొప్పల నుంచి అమ్మోనియా ఎప్పుడూ నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. కుళ్లిన మేత నుంచీ వస్తుంది. అది చేపలకి విషం. పాత తొట్టిలో దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైటూ విషమే. దాన్ని ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మరీ పేరుకుపోతే తప్ప చేపలకి పెద్దగా హాని చెయ్యదు, మొక్కలకి ఎరువుగానూ పనికొస్తుంది. ఈ రెండు రకాలూ బద్ధకస్తులు. రెట్టింపు కావడానికి వాటికి సుమారు ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు కావాలి. మన వైపు వాతావరణం వెచ్చన కాబట్టి కాస్త ముందే కుదరొచ్చు. ఇవి నీళ్లలో తేలుతూ ఉండవు. స్పాంజికి, గులకరాళ్లకి, గాజుకి అంటుకుని పెరుగుతాయి. మీరు స్పాంజిని సబ్బు పొడితో కడిగారు. అప్పటికి పుట్టిన నాలుగు సూక్ష్మజీవులూ కాలవలో కలిసిపోయాయి. అమ్మోనియాని ఆపేవాళ్లు లేకుండాపోయారు.

దుకాణం తొట్ల సంగతికొస్తే, ఆ ఫిల్టర్లు నెలల తరబడి, సంవత్సరాల తరబడి ఆగకుండా నడుస్తున్నవి. నీళ్లు వాళ్లు రోజూ కొంత మారుస్తారు. చేపలూ అక్కడ రెండ్రోజుల అతిథులే. మీ తొట్టికి ఆ వయసు రావాలి.

అత్తగారి మాటకి వద్దాం, ఎందుకంటే ఆవిడ అడిగింది మంచి ప్రశ్న. పటిక బురద నీళ్లని తేరుస్తుంది, నిజమే. మన ఊళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు కూడా. నీళ్లలో తేలే సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటూ అడుగుకి దిగవు. పటిక కలిస్తే అవి ముద్దలు కట్టి బరువెక్కి కిందికి దిగుతాయి. తాగే నీళ్లకి బాగానే ఉంటుంది, ఎందుకంటే పైనున్న తేట నీళ్లు వంచుకుని అడుగుది పారబోస్తాం. మీ తొట్టిలో ఉన్నది మట్టి కాదు, బతికి ఉండి పిల్లలు పెడుతున్న జీవులు. ఈ రోజు కొంత కిందికి దిగినా తిండి ఉన్నంతకాలం మళ్లీ పుడతాయి. పైగా పటిక నీళ్ల క్షారగుణాన్ని తినేసి ఆమ్లం వైపు లాగుతుంది, ఆ ముద్దలు మొప్పల్లో చిక్కుతాయి, ఆమ్లపు నీళ్లలో అల్యూమినియం చేపకి విషం. కాబట్టి పటిక వద్దు, చిల్లగింజా వద్దు. బిందెలో నీళ్లకి ఆవిడ వైద్యం సరైనదేనని మాత్రం నా మాటగా చెప్పండి.

నీలం మందు సంగతి. రంగు చూస్తే అది మిథిలీన్ బ్లూ కావచ్చు. బూజు పట్టిన చేపకి, గుడ్లకి, విడిగా ఒక బకెట్లో వాడే మందది. జబ్బు లేని తొట్టిలో పోస్తే మనం పెంచుకోవాలనుకుంటున్న బాక్టీరియానే దెబ్బ తీస్తుంది. చేపలు కొన్న ప్రతివాళ్ల చేతిలో ఒక నీలం సీసా పెట్టడం దుకాణాలకి అలవాటైపోయింది, నాకు మాత్రం అది అస్సలు నచ్చదు. ఇప్పటికే పోసి ఉంటే కంగారు పడకండి. యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి ఫిల్టర్లో పెడితే రంగు లాగేస్తుంది. తర్వాత ఆ సంచి తీసి పారేయండి.

ఇక ఈ రోజు నుంచి చెయ్యాల్సినవి. తొట్టి ఖాళీ చెయ్యకండి. మీది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే లెక్కకి 56 లీటర్లు. రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను నికరంగా 45 నుంచి 50 లీటర్లు. అందులో పావు వంతు, అంటే పన్నెండు లీటర్లు, ఇంచుమించు ఒక బకెట్, రోజు విడిచి రోజు మార్చండి. మరి మార్చితే బాక్టీరియా పోదా అంటారేమో. అది స్పాంజినీ రాళ్లనీ అంటుకుని ఉంటుందని చెప్పాను కదా, నీళ్లు మారిస్తే పోదు. విషం మాత్రం పలచబడుతుంది. సన్నటి గొట్టంతో అడుగునున్న చెత్తని పీలుస్తూ నీళ్లు తీయండి, రాళ్లు బయటికి తీయకండి. ఇదివరకటి కడుగుల్లో సబ్బు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఈ మార్పుల్లోనే పోతుంది.

పోసే నీళ్ల విషయంలో జాగ్రత్త. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనుషుల కోసం సూక్ష్మజీవుల్ని చంపడానికి కలిపేదే, మీ స్పాంజిలోవాటినీ వదలదు, చేప మొప్పల్నీ కాలుస్తుంది. వెడల్పు మూతి బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి. అందులో ఉండేది సోడియం థయోసల్ఫేట్, ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో హైపో అని వాడిన ఉప్పే. బోరు నీళ్లకి క్లోరిన్ బెడద లేదు కానీ వేరే తిప్పలున్నాయి. భూమి లోపలి నుంచి వచ్చే ఆ నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. రాత్రంతా బకెట్లో గాలిరాయి, అంటే గాలి మోటారు గొట్టం చివర బుడగలు వదిలే రాయి, నడిపి పొద్దున్న పోస్తే సరిపోతుంది. ఇనుము ఉన్న బోరైతే ఆ రాత్రికే నీళ్లు ఎర్రబారి అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది, పైవి మాత్రం వంచుకోండి. గిన్నెల మీద తెల్ల చారలు కట్టే నీళ్లయితే సున్నం ఎక్కువన్నమాట. దానికి భయపడక్కర్లేదు. గప్పీలు, మోలీలు, ప్లాటీలు అలాంటి నీళ్లనే ఇష్టపడతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: క్షారం ఎక్కువున్న నీళ్లలో అమ్మోనియా విషం ఎక్కువ. ఆమ్లం, క్షారం కొలిచే అంకె పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం ఇంచుమించు పదింతలవుతుంది. కాబట్టి బోరు నీళ్ల తొట్టిలో మేత విషయంలో ఇంకా పొదుపుగా ఉండాలి. కుళాయి, బోరు ఏదో ఒకటే ఎంచుకుని దానికే కట్టుబడండి. ఒకసారి అదీ ఒకసారి ఇదీ పోస్తే చేప తట్టుకోలేదు.

మేత అంటే గుర్తొచ్చింది, చాలా ఇళ్లల్లో చేపల్ని చంపేది ప్రేమే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక చిటికెడు వేస్తారు. చేప కడుపు దాని కన్నంత ఉంటుంది. ఈ నెల రోజులూ రోజు విడిచి రోజు వెయ్యండి, రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యండి. ఆ డబ్బా బాబుకి అందనంత ఎత్తున పెట్టండి. రెండ్రోజులు మేత లేకపోతే చేపకేమీ కాదు.

మోటారు రాత్రిపూట ఆపకూడదు. చిన్న గాలి మోటారు ఐదు వాట్లది అనుకుందాం, పగలూ రాత్రీ నడిపినా నెలకి నాలుగు యూనిట్లు కూడా కాలదు. స్పాంజిలో బాక్టీరియాకి చేపలాగే ప్రాణవాయువు కావాలి. మోటారు ఆగిన కొన్ని గంటలకి లోపల చావడం మొదలవుతుంది, పొద్దున్న స్విచ్ వెయ్యగానే ఆ కుళ్లంతా తొట్టిలోకి వస్తుంది. స్పాంజి మరీ బిగుసుకుపోయి గాలి బుడగలు తగ్గినప్పుడు మాత్రమే, తొట్టిలోంచి తీసిన నీళ్లలో రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. కుళాయి కింద మాత్రం వద్దు.

త్వరగా కుదరాలంటే ఒక దారి ఉంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న ఆరోగ్యమైన తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్లోంచి పాత స్పాంజి ముక్క ఒకటి అడగండి. తడి ఆరకుండా, ఆ తొట్టి నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టుకోండి. పాలకి తోడు వేసినట్టే, తోడు మంచిదైతే పని సగం అయినట్టే. దుకాణం తొట్లలోంచి మాత్రం తెచ్చుకోకండి, అక్కడ ఎక్కడెక్కడి చేపలో కలుస్తాయి, జబ్బులూ వెంట వస్తాయి.

అమ్మోనియా, నైట్రైట్ చూసుకునే చుక్కల టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కుంటే చీకట్లో తడుముకోవక్కర్లేదు. నా లెక్కన రంగు దీపాలకీ ప్లాస్టిక్ మొక్కలకీ పెట్టే డబ్బు దీనికి పెట్టాలి. అమ్మోనియా లీటరుకి అర మిల్లీగ్రాము దాటితే ఆ రోజు సగం నీళ్లు మార్చండి. రెండో వారం తర్వాత అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పైకి లేస్తుంది. అప్పుడు నౌపడ కల్లుప్పు ఒక చెంచా, చిన్న చెంచానే, తొట్టి మొత్తానికి కలిపితే నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి దూరకుండా ఉప్పులోని క్లోరైడ్ అడ్డుకుంటుంది. నీళ్లు మార్చినప్పుడు తీసిన మేరకే మళ్లీ కలపండి, అంటే బకెట్‌కి పావు చెంచా. కిట్ లేకపోతే చేపనే చూడండి. పైకొచ్చి నోరు తెరిచి గుటకలేస్తున్నా, మొప్పలు ఎర్రబడినా, రెక్కలు ముడుచుకుని మూలన కూర్చున్నా ఆలస్యం చెయ్యకుండా నీళ్లు మార్చాలి. కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి వారం గడిచిందంటే తొట్టి కుదిరినట్టు. అప్పుడు వారానికోసారి పావు వంతు మారిస్తే చాలు.

కిటికీ పక్కన తొట్టి వద్దు. ఎండ అరసవల్లిలో స్వామి పాదాల్ని తాకితే పుణ్యం, మీ తొట్టిని తాకితే పచ్చనీళ్లు. ఇప్పటి తెల్లదనం పోయాక మీరు రాయబోయే రెండో ఉత్తరం అదే అయ్యేది. లోపలి గోడ వారకి జరపండి, నీళ్లు మార్చే రోజు సగానికి పైగా బకెట్లలోకి తీసి చేపల్నీ ఆ బకెట్లలోనే ఉంచి జరపాలి. నిండా ఉన్న తొట్టి గాజు, రాళ్లతో కలిపి 70 కిలోల పైమాటే, నిండుగా లాగితే అతుకు విడిపోతుంది. బల్ల గట్టిదై ఉండాలి, కింద థర్మాకోల్ షీటు వెయ్యాలి. దీపం రోజుకి ఆరేడు గంటలు చాలు.

మొక్కలు పెట్టుకోండి, ప్లాస్టిక్‌వి కాదు. హైడ్రిల్లా, అంతరతామర మన చెరువుల్లోనే దొరుకుతాయి, అమ్మోనియాని నేరుగా తాగేస్తాయి. చెరువులోంచి తెచ్చినవి వారం రోజులు వేరే బకెట్లో ఉంచి, నత్తలు, తూనీగ పిల్లలు ఏరేసి వెయ్యాలి. తూనీగ పిల్ల గప్పీని పట్టుకుని తినేస్తుంది. గులకరాళ్లకి నాగావళి ఏటివి చక్కగా పనికొస్తాయి, బకెట్లో వేసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కళింగపట్నం ఒడ్డు ఇసుక మాత్రం వద్దు, ఉప్పూ గవ్వల పొడీ ఉంటాయి. అనుమానమొస్తే ఒక రాయి మీద నిమ్మరసం పిండండి, పొంగితే సున్నపురాయి.

తెల్లదనం తగ్గాక కూడా దీపం వెలుతురులో సన్నటి నలకలు తిరుగుతుంటే, ఫిల్టర్లో స్పాంజి పక్కన దిండ్లలో కుక్కే పాలిస్టర్ దూది కొంచెం పెట్టండి. నూలు దూది కుళ్లిపోతుంది, అది వాడకండి. రెండు మూడు రోజులకి దాన్ని తీసి కొత్తది పెట్టొచ్చు, స్పాంజి జోలికి పోకుండా. ఎండిన కొమ్మ ఏదైనా వేసి ఉంటే నీళ్లు టీ రంగులోకి వస్తాయి, చేపలకి దానివల్ల నష్టం లేదు, కళ్లకి నచ్చకపోతే కార్బన్ పెట్టుకోండి.

మీ చేపల ఎంపిక గురించి కఠినంగానే చెప్పాలి. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ల చేప, ఆరు అంగుళాల పైన పెరుగుతుంది, వ్యర్థం విపరీతంగా వదులుతుంది. 50 లీటర్లలో నాలుగు అంటే ఏ ఫిల్టరూ మోయలేదు. మన మే నెలలో తొట్టి నీళ్లు 32 డిగ్రీలు దాటుతాయి, అంత వేడి నీళ్లలో ప్రాణవాయువు కరిగేదే తక్కువ. ఆ నాలుగింటినీ వెనక్కి ఇచ్చేయండి, డబ్బులివ్వకపోయినా తీసుకోమనండి. ఏంజెల్‌కి ఒకటిన్నర అడుగు ఎత్తు తొట్టి కావాలి, పైగా పెరిగాక గప్పీ పిల్లల్ని మింగుతుంది, అదీ వెనక్కే. నాలుగు గప్పీలు ఉంచుకోండి. తొట్టి కుదిరాక ఆరు జీబ్రా చేపలు తెచ్చుకోండి. మన దేశపు ఏటి చేపలే అవి, గట్టివి, గుంపుగా తిరుగుతుంటే పిల్లలకి చూడ ముచ్చట. గప్పీల్లో ఆడా మగా కలిసి ఉంటే నెలకోసారి పిల్లలు పెడతాయి, ఆ సంబరం వద్దనుకుంటే మగవే ఉంచండి. ఎక్కువైన చేపల్ని నాగావళిలోనో ఊరి చెరువులోనో మాత్రం వదలకండి.

తుపాన్ల కాలానికి బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మేత పూర్తిగా ఆపి, గంటకోసారి చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తే చేపలు నిలుస్తాయి. స్పాంజిని ఫిల్టర్లోంచి తీసి తొట్టి నీళ్లలో తేలనివ్వండి, కరెంటొచ్చాక ఒకసారి పిండి మళ్లీ పెట్టండి.

సక్కర్ ఫిష్ వద్దు. అది చెత్త తింటుందన్నది సగం మాటే, తిన్నదానికి తగ్గట్టు విసర్జిస్తుంది కూడా, అడుగుకి మించి పెరుగుతుంది. తొట్లలోంచి బయటపడిన ఈ జాతే కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువుల్లో వలలు చింపుతూ రైతుల్ని ఏడిపిస్తోంది. గాజు మీద నాచు పడితే పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి బాబు చేతికిచ్చి గీకమనండి.